వైరు మీద ఒకరు, డబ్బా మీద ఒకరు

డబ్బింగ్ స్టూడియోల్లో ఆవిణ్ణి అందరూ చిన్నమ్మాయిగారు అనేవారు. యాభై దాటినా ఆ పిలుపు పోలేదు. తెర మీద పదహారేళ్ళ పిల్ల అలిగినా, ఏడ్చినా, మేడ మెట్ల మీద నిలబడి ప్రియుణ్ణి పిలిచినా ఆ గొంతు చాలావరకు ఆవిడదే. మొహం ఎవరికీ తెలియదు. కూరగాయల కొట్లో నోరు విప్పితే మాత్రం పక్కవాళ్ళు చటుక్కున తిరిగి చూసేవారు. ఆ చూపంటే ఆవిడకు మహా ఇష్టం.

స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడి, పని ఇంటికొచ్చింది. సామాన్ల గది ఖాళీ చేయించి, గోడలకు పాత పరుపులు ఆనించి, పైనుంచి దుప్పట్లు వేలాడదీశారు. చిన్నమ్మాయిగారు లోపల మైకు ముందు నిలబడితే, ఎక్కడో ఉన్న డైరెక్టరు ఇంటర్నెట్‌లో వింటూ ‘ఇంకొంచెం తడి కావాలండీ’, ‘ఆ చివరి మాట మింగెయ్యకండి’ అని చెప్పేవాడు. ఒకసారి ఏడుపు సీను మధ్యలో లైను పోయింది. తిరిగి వచ్చేసరికి ఏడుపు ఆరిపోయింది. ఎంత గింజుకున్నా మళ్ళీ రాలేదు.

ఆవిడ ఆడపడుచు ఒక పెద్ద ఆఫీసులో నెట్‌వర్కులు చూసే ఇంజనీరు. సంగతి విని మర్నాడే వచ్చింది.

“ఒక్క లైను నమ్ముకుని ఇలాంటి పని ఎలా చేస్తావు వదినా? రెండోది పెట్టించుకో. ఒకటి పడిపోతే రెండోది పట్టుకుంటుంది. నీకు తెలియను కూడా తెలియదు.”

అప్పటికే గోడలోంచి వచ్చే వైరు కనెక్షన్ ఒకటుంది. దానికి తోడు టవరు నుంచి గాలిలో అందుకునే తెల్ల డబ్బా ఒకటి కిటికీలో పెట్టారు. రెంటినీ ఒకే రౌటరుకు కలిపారు. ఆపైన సీను మధ్యలో లైను పోయిందన్న మాటే లేదు.

చిన్నమ్మాయిగారి భర్త నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాయన. భార్య రికార్డింగు ఉన్నప్పుడు ఆయనే ఫ్యాను ఆపి, కుక్కరు దించి, గది తలుపు బయట చిన్న సౌండు మిక్సరు ముందు కూర్చునేవాడు. గొంతు హెచ్చుతగ్గులు చూసి మీటలు సర్దడం ఆయన పని. స్టూడియోలకు వెళ్ళే రోజుల్లో కూడా సెలవు పెట్టి మరీ వెంట వెళ్ళి, అద్దం ఇవతల కూర్చునేవాడు. మాట తక్కువ మనిషి.

అలాంటాయన ఒకరోజు వంటింట్లోంచి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. “పాలు! పాలు పొంగిపోతున్నాయ్!”

చిన్నమ్మాయిగారు నాలుక కరుచుకుంది. “క్షమించండి, మళ్ళీ చేద్దాం” అంది మైకులో.

“అది తర్వాత. ఆ గొంతెవరిది?” అన్నాడు డైరెక్టరు.

“మావారిదండీ.”

“ఒకసారి పిలవండి మేడమ్. నాకొక ఎలుగుబంటి కావాలి.”

పిల్లల కార్టూన్ సీరియల్లో ఒక్క సీను అది. ఎలుగుబంటి నిద్ర లేచి, తన తేనె ఎవరు తిన్నారని అడుగుతుంది. చిన్నమ్మాయిగారు దగ్గరుండి నేర్పింది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, కాగితం చప్పుడు కాకుండా ఎలా తిప్పాలో, ‘ప’ అన్నప్పుడు గాలి మైకుకు కొట్టకుండా మొహం ఎంత పక్కకు పెట్టాలో అన్నీ చెప్పింది. ఆయన చెమటలు కక్కుతూ “నా తేనె ఎవరు తిన్నారూ?” అని బొంగురుగా దీర్ఘం తీస్తుంటే, ఆవిడ పక్కనే కాగితం పట్టుకుని నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. ఆ రోజు ఆవిడ మనసులో ఏ మరకా లేదు.

ఆ ఎలుగుబంటిని పిల్లలు నెత్తిన పెట్టుకున్నారు. ఒక్క సీను పాత్ర కాస్తా ప్రతి వారం రావడం మొదలైంది. లిఫ్టులో పిల్లలు ఆయన చొక్కా పట్టుకుని “తాతా, ఒక్కసారి అనవా?” అని వేలాడేవారు. ఎదురింటావిడ ఏళ్ళ తరబడి ఎదురింట్లోనే ఉంటోంది. ఆవిడ చిన్నమ్మాయిగారి చెయ్యి పట్టుకుని, “మీవారు ఇంత కళాకారులని మాకు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదండీ!” అంది.

“మాకూ తెలియదండీ” అని చిన్నమ్మాయిగారు నవ్వింది. తలుపేసుకున్నాక ఒళ్ళు మండిపోయింది.

ఈలోగా ఆవిడ గొంతు మీద వయసు పడింది. పదహారేళ్ళ పిల్లలు చేజారి, వాళ్ళ అమ్మల వేషాలొచ్చాయి. తర్వాత అవీ తగ్గాయి. చివరికి అదే కార్టూన్‌లో పక్క చెట్టు కింద ఉండే కోడిపెట్టను ఇచ్చారు. కోడిపెట్టకు వారానికి మహా అయితే రెండు మూడు మాటలు. అందులో ఒకటి ఎప్పుడూ “కొక్కొక్కో”నే.

‘ఎంతమంది హీరోయిన్లను ఏడిపించాను, నాకు కోడా!’ అని లోలోపల కుతకుతలాడింది. పైకి మాత్రం కోడి కూడా పాత్రే కదా అంది.

ఇద్దరికీ ఒకే వేళకు రికార్డింగులు పడసాగాయి. పడకగదిలో బట్టల బీరువా ఖాళీ చేసి ఆయనకు రెండో గది లాంటిది కట్టారు. ఆవిడ బట్టలు మంచం కింద పెట్టెలోకి వెళ్ళాయి. ఆడపడుచు మళ్ళీ వచ్చి, రౌటరు పేజీ తెరిచి వదినకు చూపించింది.

“ఇదిగో, ఇది వైరు, ఇది డబ్బా. ఎవరి లాప్‌టాప్ ఏ దారిలో వెళ్ళాలో దానంతటదే చూసుకుంటుంది. ఎప్పుడైనా నీకు మరీ ముఖ్యమైన రికార్డింగు ఉందనుకో, ఇక్కడ నీ పేరు నొక్కి వైరు మీద పెట్టుకో. సాయంత్రాలు డబ్బా నీరసంగా ఉంటుంది, వీధంతా ఆ టవరు మీదే పడతారు.”

“మీ అన్నయ్యకు కూడా చూపించు.”

“అన్నయ్యకా? టీవీ రిమోటే సరిగ్గా పట్టుకోడు. పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉండనీ.”

కొన్నాళ్ళకు ఎలుగుబంటితో పూర్తి సినిమా తీస్తున్నారని కబురొచ్చింది. అందులో ఎలుగుబంటికి తల్లి ఉంది. బిడ్డను వెతుక్కుంటూ మంచులో నడిచే తల్లి. చిన్నమ్మాయిగారు ఎవరికీ చెప్పకుండా ఆ సీను రికార్డు చేసి డైరెక్టరుకు పంపింది. భర్త బజారుకు వెళ్ళిన సమయం చూసి, మీటలు తనే సర్దుకుని, ఎన్నిసార్లు చేసిందో. తన జన్మలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదనుకుంది.

డైరెక్టరు నుంచి జవాబు రాలేదు. భర్త నోటి నుంచి వచ్చింది.

“మన ఎలుగుకి అమ్మ దొరికిందోయ్!” అంటూ ఆయన హెడ్‌ఫోన్లు మెడలో వేసుకునే బయటికొచ్చాడు. “ఎవరో కొత్తావిడట. ఇవాళ వినిపించారు. ఎంత బాగుందనుకున్నావు! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.”

“అలాగా” అంది చిన్నమ్మాయిగారు. కూర కలుపుతున్న గరిటె ఆగలేదు.

ఇన్నేళ్ళూ ఆవిడ ఏడ్చింది పరాయివాళ్ళ ఏడుపు. ఇప్పుడు పట్టుకున్నది సొంత ఏడుపు. దానికి మైకూ లేదు, బాగుందనేవాడూ లేడు. మర్నాడు భర్త స్నానానికి వెళ్ళగానే రౌటరు పేజీ తెరిచింది. ఆయన లాప్‌టాప్ మీద నొక్కి, డబ్బాకు కట్టేసింది. డబ్బా అందకపోతే వైరుకు మారనీ అన్న చోట గుర్తు తీసేసింది.

ఆ సాయంత్రం పడకగదిలోంచి ఒకే మాట పదే పదే వినిపించింది. “అమ్మా, మంచు ఎందుకింత తెల్లగా ఉంది? అమ్మా, మంచు ఎందుకింత...” ఆయన ఆగేవాడు. “వినపడలేదా అండీ? మళ్ళీ చెప్పమంటారా?” అనేవాడు. మళ్ళీ మొదలుపెట్టేవాడు. హాల్లో కూర్చున్న చిన్నమ్మాయిగారికి ప్రాణం లేచొచ్చినట్టయింది. లేచి వెళ్ళి, చాలా రోజుల తర్వాత ఆకలిగా అన్నం తింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. భర్త వచ్చి ఆవిడ పక్కన కూలబడ్డాడు.

“నా గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందంటున్నాడు డైరెక్టరు.”

“లైనేమో.”

“అదే అడిగాను. అవతల తల్లి పాత్ర చేసే ఆవిడకు ఏ ఇబ్బందీ లేదట. నీకూ బాగానే ఉందిగా ఇంట్లో. నా గొంతులోనే ఏదో తేడా వచ్చి ఉంటుంది. వయసు కదా. నీకెప్పుడైనా ఇలా అయిందా?”

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“కొత్తలో అందరికీ అంతే” అంది.

ఆయన గొంతుకు విశ్రాంతినిస్తానని ఇంట్లో మాట్లాడడం మానేశాడు. వేడినీళ్ళు పుక్కిలించేవాడు. ఉప్పు కావాలంటే వేలితో చూపించేవాడు. లిఫ్టులో పిల్లలు చుట్టుముడితే గొంతు మీద చెయ్యేసి తల అడ్డంగా ఊపేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి చూపించుకొచ్చాడు. గొంతు నిక్షేపంలా ఉందన్నాడు డాక్టరు. ఆ మాటతో ఆయనకు ఇంకా బెంగ పట్టుకుంది. ఇంటి నిండా ఆ మౌనం పరుచుకునేసరికి చిన్నమ్మాయిగారి సంబరం చల్లారింది. కానీ రౌటరు జోలికి వెళ్ళలేదు. వెళ్తే తను చేసింది తనకే ఒప్పుకున్నట్టవుతుంది.

వచ్చే సోమవారం ఇంకో ఇద్దరి గొంతులు కూడా విని చూస్తామని డైరెక్టరు మెత్తగా చెప్పాడు. ఆ మాట విన్న రోజే భర్త చెల్లెలికి ఫోన్ చేశాడు.

ఆడపడుచు సెలవు రోజు పొద్దున్నే వచ్చి, హాల్లో లాప్‌టాప్ తెరిచింది. చిన్నమ్మాయిగారు కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

“అన్నయ్యా, ఇదేంటి? నీదంతా డబ్బాకే కట్టేసి ఉంది. వైరు ఖాళీగా పడుంది. నీ గొంతుకేం కాలేదు, లైనే నలిపేస్తోంది. ఎవరు పెట్టారిది?”

భర్త తల తిప్పి భార్య వంక చూశాడు. ఎక్కువసేపు చూడలేదు.

“నేనేనే” అన్నాడు. “ఏదో కెలికాను.”

“నువ్వా? నీకు పాస్‌వర్డే తెలియదుగా!”

“మీ వదిన కొడుతుంటే చూశాను. పెద్దవాణ్ణి, ఏదో తెలియక నొక్కాను. తీసెయ్యవే, క్లాసు పీకకుండా.”

ఆడపడుచు అన్నను చూసింది, వదినను చూసింది. మాట్లాడకుండా సరిచేసింది. వెళ్తూ చెప్పులేసుకుంటున్నప్పుడు మాత్రం మెల్లగా అడిగింది.

“వదినా, పాస్‌వర్డ్ మార్చనా?”

“మార్చు” అంది చిన్నమ్మాయిగారు. “నాకు చెప్పకు.”

తలుపు మూసి వచ్చేసరికి ఆయన కాఫీ తాగుతున్నాడు.

“అడగరేం?” అంది.

“ఏమని?”

“ఎందుకు చేశావని.”

“తెలుసు. ఆ తల్లి వేషానికి నువ్వూ పంపావట కదా. డైరెక్టరు నిన్న చెప్పాడు. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదట. నేనేమో తెలియక నీ ఎదురుగానే ఇంకొకావిణ్ణి పొగిడాను.”

“తిట్టండి మరి. ఇంత చేస్తే తిట్టరా?”

ఆయన కప్పు కింద పెట్టాడు. “నాకు కుళ్ళు లేదనుకున్నావా? ఎన్నేళ్ళు ఆ తలుపు బయట కూర్చున్నాను! అందరూ నీ గొంతు నీ గొంతు అంటుంటే, నేను ఫ్యాన్లు ఆపుతూ. ఒక్కోరోజు కడుపు రగిలిపోయేది. నా చేతి కింద మీటలుండేవి. ఒక్కసారీ తగ్గించలేదే.”

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది ఆవిడకు. ఇన్నేళ్ళు నటించిన ఏ సీనులోని ఏడుపూ ఇప్పుడు పనికి రాలేదు. కుర్చీ అంచున కూర్చుని, మొహం చేతుల్లో దాచుకుని, ముక్కు చీదుకుంటూ, ఏ డైరెక్టరూ ఒప్పుకోనంత వికారంగా ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. లేచి వెళ్ళనూ లేదు.

సాయంత్రం ఆవిడే డైరెక్టరుకు ఫోన్ చేసింది.

“తప్పు మావారి గొంతుది కాదండీ. లైను నేను మార్చాను. తెలిసే మార్చాను. ఆయనకి తెలియదు.”

డైరెక్టరు, “మేడమ్, మీరే ఇలా...” అని ఆగిపోయాడు. తర్వాత, “సోమవారం సార్‌ని మామూలు వేళకే రమ్మనండి” అన్నాడు. ఆ పైన చాలా కాలం ఆయన ఆవిడతో పొడిపొడిగానే మాట్లాడాడు. దానికి ఆవిడ ఏమీ అనలేకపోయింది.

ఎలుగుబంటి పాత్ర భర్త దగ్గరే ఉండిపోయింది. భార్యాభర్తల మధ్య మాటలు రావడానికి కొంత కాలం పట్టింది. మొదట ఉప్పూ పప్పూ మాటలు, తర్వాత మిగతావి. కుళ్ళు మాత్రం ఒక్కసారిగా పోలేదు. బీరువా లోపలి నుంచి ఆయన గొంతు హాయిగా సాగుతుంటే ఆవిడ చేస్తున్న పని ఆపేసేది. అలాంటప్పుడు గదిలో ఉండేది కాదు, కాసేపు వీధిలో నడిచొచ్చేది. ఒకరోజు ఎక్కడికని ఆయన అడిగితే, “మీ మీద కుళ్ళుగా ఉంది, తిరిగొస్తాను” అని చెప్పేసింది. “గొడుగు తీసుకెళ్ళు” అన్నాడాయన.

సినిమా విడుదలైన రోజు ఇద్దరూ పిల్లల మధ్య కూర్చుని చూశారు. మంచులో తల్లి బిడ్డను పిలిచే సీను వచ్చింది. కొత్తావిడ గొంతు నిజంగా బాగుంది. తను పంపిన దానికంటే బాగుందని చిన్నమ్మాయిగారికి అక్కడే, ఆ చీకట్లోనే తెలిసిపోయింది. అది మింగడానికి చాలాసేపు పట్టింది. ఎలుగుబంటి తల్లి ఒళ్ళోకి దూకినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. ఆవిడా కొట్టింది, సగం మనస్ఫూర్తిగా.

బయటికొస్తూ, “ఎలా ఉంది?” అని అడిగాడాయన, భయం భయంగా.

“నది దాటే సీనులో ప్రతి మాటకీ ముందు ఊపిరి వినిపించింది. అంత తొందరేం? చివర్లో మాత్రం బాగా చేశారు.”

“ముందే చెప్పొచ్చుగా.”

“మీరు అడిగితేగా.”

“రేపు పదింటికి కొత్తది మొదలవుతుంది” అన్నాడు. “బయట మీటల ముందు కూర్చుంటావా?”

ఆవిడ బస్‌స్టాపు దాకా ఆలోచిస్తూ నడిచింది.

“కూర్చుంటాను” అంది. “కానీ బాగా లేకపోతే బాగా లేదనే అంటాను.”

“అను” అన్నాడాయన.