ముట్టని ట్యాబ్

ఇబ్రహీంపట్నం బస్టాండ్ ఎనక సందుల ఎల్లేశ్ నెట్ దుకాణం ఉన్నది. అండ్ల కంప్యూటర్ చూస్తే కండ్లు తిరుగుతయి. తెర మీద ట్యాబ్‌లు ఒకదాన్నొకటి తోసుకుంట, పేర్లు గూడ కనవడకుంట ఇరుక్కొని ఉంటయి. "ఇదేం కంప్యూటర్ అన్నా, అంగడి లెక్కున్నది" అని చెల్లె వనిత ఎప్పుడూ ఎక్కిరిస్తది.

ఎల్లేశ్ మాత్రం ఏం జేస్తడు? ఊర్ల నుంచి వచ్చెటోళ్ళు కాయిదాలన్నీ తెస్తరు గని, ఓటీపీ వచ్చే ఫోన్ ఇంట్ల ఇడిచిపెట్టి వస్తరు. "దబ్బున పోయి ఫోన్ తీస్కరాపో" అని వాళ్ళను తోలిచ్చి, సగం నింపిన పేజీని అట్లనే ఉంచి ఇంకొకల పని పట్టుకుంటడు. రేషన్ దుకాణం కాడ చెప్పులు లైన్ల పెట్టి నీడకు పోయినట్టు, ఈడ ట్యాబ్ పెట్టి ఇంటికి పోతరు.

వనితది పట్నంల కంపెనీకి ఇంటికాడి నుంచి రాత పని. ఇప్పుడు ఏఐ ఏజెంట్లని వచ్చినయి గద, మనిషి చెప్పిన పని అవే బ్రౌజర్ తెరిచి చేస్తయి. తెరిచిన ట్యాబ్ మూసే సోయి మాత్రం వాటికి లేదు. అందుకే ట్యాబ్‌లు సర్దే టూల్ ఒకటి కంపెనీ తయారు చేసింది. ఏది ఉంచాలె, ఏది మూయాలె అని చెప్పే డాక్యుమెంట్ వనిత రాస్తున్నది. దాన్ని మనుషులకన్న ముందు ఏజెంటే సదువుతది. అండ్ల ఏమున్నదో అది చేస్తది, మారుమాట లేదు. "కొంతసేపటి నుంచి ఎవరూ ముట్టని ట్యాబ్ అక్కరలేనిది. మూసివేయి" అని వనిత రాసిన ముక్క ఆమెకే మస్తు నచ్చింది. సాఫ్‌గ ఉన్నదని కంపెనీల ఆమె మీది సారు మహిధర్ గూడ మెచ్చుకున్నడు. ఒక్కసారి నిజంగ ట్యాబ్‌లు నిండిన కంప్యూటర్ మీద నడిపి చూసి పంపమన్నడు.

ఇంకేడికి పోతది? అన్న దుకాణానికే వచ్చింది.

ఆమె వచ్చేసరికి మణెమ్మ ఉరుకులాడుకుంట బయటికి పోతున్నది. బిడ్డ రూత్‌కు నర్సింగ్ కాలేజీల సీటు కోసం దరఖాస్తు పెడుతున్నది. ఫోన్ ఇంట్లనే ఉన్నదట. "ఇయ్యాలనే ఆఖరు వనితా. కొత్త దరఖాస్తులు ఇప్పుడే బంద్ వెట్టిన్రు. ఈమెది ముందుగాల తెరిచినం గాబట్టి బతికిపోయింది, ఓటీపీ కొడితే అయిపోతది" అన్నడు ఎల్లేశ్. "నేను మన్నెగూడ పోయి జిరాక్స్ సామాన్ తెస్త. నువ్ పని చేస్కో గని నా ట్యాబ్‌లు ముట్టకు."

"నాకేం పని వాటితోని" అన్నది వనిత.

నిజంగనే ముట్టలేదు. చానసేపు కూసొని టూల్ ఎక్కిచ్చింది, ఏజెంట్‌కు తన డాక్యుమెంట్ ఇచ్చింది, సర్దమన్నది. ఏజెంట్ తెరిచిన ట్యాబ్‌ల జోలికే టూల్ పోతదని ఆమె లెక్క. కానీ ఎవరి ట్యాబ్ అన్న ముచ్చట ఆమె ఎక్కడా రాయనేలేదు. తెర మీద టపటపమని ఒక్కొక్కటి మాయమైనయి. చూస్తుండంగనే అంగడి ఖాళీ అయింది. "అక్కరలేని ట్యాబ్‌లు మూసివేశాను" అని ఏజెంట్ మర్యాదగ చెప్పింది.

వనిత దబదబ మణెమ్మ దరఖాస్తు పేజీ మళ్ళ తెరిచింది. కొత్త దరఖాస్తులు తీసుకోబడవు అని వచ్చింది. ఎన్నిమార్లు తెరిచినా అదే. మహిధర్‌కు ఫోన్ చేసి అయిందంత చెప్పింది.

"తిరిగి రాదు వనితా, ట్యాబ్ మూస్తే సెషన్ పోయింది గద, నింపిందంత దానితోనే పాయె. కానీ చూసినవా, నువ్ రాసింది రాసినట్టే చేసింది. డాక్యుమెంట్ సూపర్ ఉన్నది. ఏజెంట్ తెరిచినవే మూయాలె అని ఒక్క లైన్ కలిపి పంపెయ్."

వనిత ఫోన్ పెట్టేసింది. మెప్పు విని గంత కంపరం ఆమెకు ఎన్నడూ పుట్టలేదు.

ఎల్లేశ్ వచ్చి తెర చూసి సామాన్ సంచి కిందికి ఇడిచిండు. "ఏం జేసినవే?"

"నేను ముట్టలేదన్నా" అన్నది. ఆ మాట నోట్లకెళ్ళి రాంగనే తన మీద తనకే అసహ్యమేసింది. "ముట్టకుంటెనే మూసేయమని రాసిన. గది నా రాతనే."

ఎల్లేశ్ తిట్టలేదు. తిట్టినా బాగుండు.

గంతల ఆటో దిగి మణెమ్మ ఉరికొచ్చింది. మొకమంత చెమట, కొంగుల చుట్టిన ఫోన్. "తెచ్చిన బిడ్డా! ఛార్జింగ్ లేకుంటే పక్కింట్ల పెట్టి తెచ్చిన. ఆల్చమైందా?"

ఎల్లేశ్ ఆ పేజీనే మళ్ళమళ్ళ తెరిచి చూస్తున్నడు. ఎల్లేశ్ పని చేస్తున్నడనుకొని ఆమె స్టూల్ మీద కూసున్నది. ఫోన్‌ను రెండు చేతులల్ల పట్టుకొని, రెప్ప కొట్టకుంట దాన్నే చూస్తున్నది.

"ఇంకా నంబర్ వస్తలేదేంది?" అన్నది వనిత దిక్కు తిరిగి. "నేను దీన్ని ముట్టొచ్చా బిడ్డా, ముట్టద్దా?"

వనిత పోయి ఆమె కాళ్ళ కాడ కూలబడ్డది. "రాదు పెద్దమ్మా" అన్నది.