చౌడేశ్వరక్క చేసిన పెట్టె

కదిరిలో హిందూపురం రోడ్డు మీద జయరాముడికి కార్ల షెడ్డు ఉండేది. ఆ షెడ్డులో బాగుపడి వెళ్లిన బండ్లు వందల్లో ఉన్నా, అతను నా చేతి బండి అని చెప్పుకునేది ఒక్కటే, వేణుగోపాల్ హోండా సిటీ. వేణుగోపాల్ నూనె మిల్లు శేషయ్య కొడుకు. ఇరవై ఆరేళ్లవాడు, బండంటే ప్రాణం పెడతాడు. 2003లో ఇద్దరూ బెంగళూరు వెళ్లి, ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే ఒక టర్బో తెచ్చి, నాలుగు నెలలు తంటాలు పడి దాన్ని ఇంజనుకు బిగించారు. కంపెనీ ఇచ్చిన బలానికి దాదాపు రెట్టింపు బలం వచ్చింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ బండిలో ఇంజను తిప్పేది ముందు చక్రాలను. బండిని మలుపు తిప్పాల్సినవీ ఆ చక్రాలే. అంత బలం ఒక్కసారి మీద పడేసరికి అవి రోడ్డును పట్టుకోలేక ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ లేపేవి. బస్టాండు దగ్గర కుర్రాళ్లు ఈలలు వేసేవాళ్లు. జయరాముడు కూడా మురిసిపోయేవాడు. ఆ మురిపెం మరుసటి జూన్ దాకా సాగింది.

జూన్‌లో తొలి వాన పడింది. నెలల తరబడి పేరుకున్న దుమ్మూ లారీల నూనే తడిసి రోడ్డు జిడ్డుగా ఉంది. ముదిగుబ్బ నుంచి వస్తున్న వేణుగోపాల్ ఒక లారీని దాటబోయి యాక్సిలేటర్ తొక్కాడు. ముందు చక్రాలు పట్టు విడిచాయి. స్టీరింగు ఎటు తిప్పినా బండి వినలేదు. రోడ్డు దిగి, గొర్రెల్ని తోలుకొస్తున్న ఎర్రప్పకు మూరెడు దూరంలోంచి దూసుకుపోయి, చేనుగట్టుకు తగిలి ఆగింది. వేణుగోపాల్‌కు పెదవి చిట్లింది. ఎర్రప్పకు ఏమీ కాలేదు, గొర్రెలకూ ఏమీ కాలేదు.

కబురు అంది జయరాముడు వెళ్లేసరికి ఎర్రప్ప గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈ బండి చేసింది నువ్వేనా?" అని అడిగాడు.

"నేనే, ఎర్రప్పన్నా."

"దానికి ఉరికేది నేర్పినావు గానీ, మాట వినేది నేర్పలేదు కదప్పా."

తిట్టినా బాగుండేది. జయరాముడు తల వంచుకుని బండికి తాడు కట్టాడు.

బండిని లాక్కొచ్చేసరికి శేషయ్య మిల్లు గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "ఆ టర్బోను పీకి పారెయ్ జయరాముడూ. ల్యాకుంటే బండినే అమ్మేస్తా."

"ఒక్క మూడు నెలలు టైమియ్యండి శెట్టిగారూ. అంతలోపల దారికి రాకపోతే నా చేతుల్తోనే పీకేస్తా."

చక్రాలు జారినప్పుడు కనిపెట్టి ఇంజను బలాన్ని తగ్గించే పెట్టెలు పైదేశాల్లో దొరుకుతాయని వేణుగోపాల్ ఒక పత్రికలో చూశాడు. బెంగళూరుకు ఫోను చేస్తే, అవి మీ బండికి పనికిరావు, చక్రాల వేగం చెప్పే సెన్సర్లు మీ బండికి లేవు కదా అన్నారు. జయరాముడికి ఏమీ తోచలేదు.

గట్టుకు తగిలినప్పుడు బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చెడిపోయింది. దాని తీగ మళ్లీ చుట్టించడానికి అతను చౌడేశ్వరి కొట్టుకు వెళ్లాడు. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. అనంతపురం ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, తండ్రి తర్వాత ఆ మోటార్ల రివైండింగు కొట్టు నడుపుతోంది. ఆమె పేరు తెలియని బోరు రైతు ఆ చుట్టుపక్కల తక్కువ. అప్పుడు బల్ల మీద ఒక చిన్న పెట్టెను పరీక్షిస్తోంది. బోరులో నీళ్లు అయిపోయినప్పుడు మోటారు కాలిపోకుండా ఆపే పెట్టె అది. నల్లమాడ నుంచి పుట్టపర్తి దాకా ఎన్నో పొలాల్లో ఆమె చేసిన పెట్టెలే ఉన్నాయి.

"నీళ్లు ల్యావని దానికెట్ల తెలుస్తాది అక్కా?" ఊరికే అడిగాడు జయరాముడు.

"నీళ్లు ఎత్తేటప్పుడు మోటారుకు బరువుంటాది, కరెంటు జాస్తి గుంజుతాది. నీళ్లు ల్యాకపోతే ఉత్తగా తిరుగుతాది. ఆ తేడా చూసి ఆపేస్తాది."

ఉత్తగా తిరుగుతాది అన్న మాట దగ్గర జయరాముడు ఆగిపోయాడు. అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని, కారు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆమె చేతిలో పని పక్కన పెట్టి విన్నది.

"ఇంజను తిప్పేది ముందువి రెండే అంటివి. మరి ఎనకవి?"

"వాటికేం పని ల్యా. బండి పోతే పోతాయి, ఆగితే ఆగుతాయి."

"అట్లయితే బండి నిజంగా ఎంత పోతాందో ఎనకవే చెప్తాయి. వాటికన్నా ముందువి జాస్తి తిరిగితే, ఆ జాస్తి అంతా జారేదే. అంతే కదప్పా?"

జయరాముడు పదిహేనేళ్లుగా చక్రాలు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. ఒక్కనాడూ అతనికి ఈ ఆలోచన రాలేదు. ఈమె కారు స్టీరింగు ముట్టుకుని కూడా ఎరగదు.

ఆ మరునాడే పని మొదలైంది. వెనక చక్రాల డ్రమ్ములకు ఆమె చిన్న అయస్కాంతాలు అంటించింది. ముందు చక్రాల్ని తిప్పే షాఫ్టులకు జయరాముడు పళ్లున్న ఇనుప చుట్లు వెల్డింగు చేశాడు. వాటి పక్కన సెన్సర్లు పెట్టారు. చక్రం తిరిగినకొద్దీ వచ్చే టిక్కుల్ని పెట్టె లెక్కపెట్టి, ముందు వెనకల్ని పోల్చుకుని, తేడా వస్తే ఇంజనులో పెట్రోలును మండించే స్పార్కును ఆపేస్తుంది.

పరీక్షించాలంటే రోడ్డు జారాలి. వాన మళ్లీ మొహం చూపించలేదు.

"ఒక ట్యాంకరు నీళ్లు పోయిస్తే?" అన్నాడు జయరాముడు.

చౌడేశ్వరి కళ్లెత్తి చూసింది. "మా ఈదిలో కొళాయి నాలుగు దినాలకొకసారి వస్తాండాది. నువ్వు రోడ్డుకు పోస్తావా? సిగ్గుండల్ల."

నిజంగానే సిగ్గుపడ్డాడు. మిల్లుకు వెళ్తే అక్కడ గోడంత ఎత్తున చెనక్కాయ పొట్టు కుప్ప కనిపించింది. మరునాడు పొద్దున కాయలు ఆరబోసే సిమెంటు కళ్లంలో ఆ పొట్టును బెత్తెడు మందాన పరిపించాడు. మనుషులే నిలబడలేనంతగా జారింది. మిల్లులో కూలీలంతా వినోదం చూడటానికి గోడ ఎక్కారు.

మొదటిసారి బాగా నవ్వుకున్నారు. చక్రం జారగానే పెట్టె స్పార్కు పూర్తిగా ఆపేసింది. జారడం ఆగగానే మళ్లీ ఇచ్చింది, మళ్లీ ఆపింది. వేణుగోపాల్ నుదురు స్టీరింగుకు కొట్టుకుంది. "అన్నా, ఎవురో ఎనకనుంచి తంతాండారు!" అని అరిచాడు.

చౌడేశ్వరి నవ్వలేదు. పొట్టులోకి దిగి చక్రాల పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. "మోటారునైతే ఆపేస్తే చాలు. దీన్ని ఆపగూడదు, రోంత తగ్గించల్ల," అంటూ లేచింది.

ఎనిమిది రోజుల తర్వాత కొత్త పెట్టె తెచ్చింది. కొంచెం జారితే నాలుగు స్పార్కుల్లో ఒకటి మానేస్తుంది. ఎక్కువ జారితే రెండింట్లో ఒకటి. వేణుగోపాల్ తొక్కాడు. ఇంజను టపటపమంటూ గొణిగింది. బండి ఉన్నచోట గిరగిర తిరగకుండా, తిన్నగా కదిలి, పొట్టులో రెండు చారలు తీర్చుకుంటూ అవతలి గోడ దాకా వెళ్లింది. గోడ మీద కూలీల నవ్వు ఆగిపోయింది. వాళ్లలో నల్లమ్మ అనే ఆమె, "ఇంగోసారి పోనీ సామీ, సరిగ్గా చూడలేదు!" అని కేకేసింది.

కానీ నల్లమాడ దోవలో కొండ మలుపులకు తీసుకెళ్తే తిక్క వేషాలు మొదలయ్యాయి. పొడి రోడ్డు మీద, చక్రం జారకుండానే, పెట్టె బలం తగ్గించేస్తోంది. ఎక్కడో వైరు లూజు అయిందనుకున్నాడు జయరాముడు. రెండు రోజులు బండి కింద పడుకుని ఒక్కొక్క వైరూ విప్పి బిగించాడు. లాభం లేకపోయింది.

మూడో రోజు చౌడేశ్వరే మిల్లుకు వచ్చింది. కళ్లంలో పొట్టును పలచగా పరిపించి, "స్టీరింగు పూర్తిగా తిప్పి, మెల్లగా ఒక చుట్టు తిప్పు," అని వేణుగోపాల్‌కు చెప్పింది. బండి చుట్టు తిరిగాక పొట్టు మీద గుర్తులు చూసింది. చేంతాడు తెప్పించి ఆ గుర్తుల వెంట పరిచి కొలిచింది. రెండోసారి కొలిచి జయరాముణ్ణి పిలిచింది.

"ఈడ చూడు. మలుపులో ముందు చక్రం పెద్ద చుట్టు తిరుగుతాది, ఎనకది లోపల చిన్న చుట్టు. జారకపోయినా ముందుది జాస్తి తిరగల్సిందే. నా పెట్టెకు ఆ సంగతి తెల్దు. తప్పు నాది, నీ వైర్లది కాదు."

జయరాముడు వంగి ఆ గుర్తుల్ని చూశాడు. చిన్నప్పటి నుంచీ మట్టిరోడ్ల మీద అలాంటి గుర్తులు తొక్కుతూ తిరిగినవాడే. ఆమె వాటిని చదివింది. తప్పు నాది అని అంత మామూలుగా అనగలగడం అతన్ని అంతకన్నా ఆశ్చర్యపరిచింది. వర్కుషాపుల్లో ఆ మాట అతను ఎవరి నోటా వినలేదు, తన నోట కూడా.

మలుపుకు ఎంత తేడా సహజమో అంతవరకూ పెట్టె పట్టించుకోకుండా ఆమె సర్దింది. ఎంత జారితే మన్నించాలో డ్రైవరే చూసుకునేలా డాష్‌బోర్డు మీద ఒక తిప్పే గుండీ పెట్టింది.

సెప్టెంబరులో వాన దిగింది. శేషయ్య తనంతట తానే వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. జయరాముడు వెనక సీట్లో. ముదిగుబ్బ రోడ్డు మీద, బండి గట్టుకు తగిలిన అదే చోట, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసి వేణుగోపాల్ రెండో గేరులో తొక్కాడు. పెట్టె బలం తగ్గిస్తోందని చెప్పే చిన్న ఎర్ర దీపం డాష్‌బోర్డు మీద మిణుకు మిణుకుమంది. బండి గీత గీసినట్టు ముందుకు సాగింది.

"తొక్కినావా?" అన్నాడు శేషయ్య.

"పూర్తిగా తొక్కినా నాయనా."

శేషయ్య సీటులో సర్దుకుని కూర్చున్నాడు. "ఇంగోసారి తొక్కు."

జనవరిలో బెంగళూరు అవతల విమానాలు దిగే ఒక పాత రన్‌వే మీద కార్ల పందెం జరిగింది. జయరాముడు, వేణుగోపాల్ వెళ్లారు. మిగతా బండ్లు పొగ లేపుతూ బయలుదేరుతుంటే వీళ్ల బండి టపటపమంది. ఇంజను చెడిందని చుట్టూ నవ్వారు. ఆ నవ్వు పూర్తయ్యేలోగానే బండి సగం దూరం దాటింది. మొదటి బహుమతి రాలేదు, మూడోది వచ్చింది. అయితే వెనకబడినవాటిలో దీనికంటే ఎక్కువ బలమున్న బండ్లే చాలా ఉన్నాయి. పందెం అయ్యాక బానెట్ చుట్టూ మనుషులు మూగారు.

"ఈ పెట్టె మీరే చేసినారా?" అని ఒకాయన అడిగాడు.

అందరూ జయరాముడి వైపే చూస్తున్నారు. "కాదు సార్. కదిరిలో చౌడేశ్వరక్క చేసింది. నేను బిగించినా, అంతే." అడిగినవాళ్లందరికీ ఆమె ఫోన్ నంబరు రాసిచ్చాడు. ఇంటిపేరుతో సహా రాశాడు.

ఆ తర్వాత నాలుగేళ్లలో ఆమె ఇరవై ఆరు పెట్టెలు చేసింది. బూడిద రంగు రేకు డబ్బాల్లో పెట్టి, ప్రతిదాన్నీ మిల్లు కళ్లంలో పరీక్షించాకే పంపేది. బిగించడానికి జయరాముడు బెంగళూరు, హొసూరు, బళ్లారి తిరిగాడు. తర్వాత కొత్త కార్లలో కంపెనీవాళ్లే ఆ ఏర్పాటు పెట్టి పంపడం మొదలైంది. ఆర్డర్లు తగ్గాయి. చౌడేశ్వరికి దిగులేమీ లేదు. బోర్లు ఇంకా లోతుకు పోతున్నాయి, బోరు మోటార్ల స్టార్టర్ల పనికి ఆమె రెండు చేతులూ చాలడం లేదు.

2009లో ఒక డాక్టరు గారి కొత్త కారు షెడ్డుకు వచ్చింది. దాని సర్వీసు పుస్తకాన్ని జయరాముడు, వేణుగోపాల్ కూర్చుని కూడబలుక్కుని చదివారు. అందులోనూ స్పార్కును కొంచెం కొంచెంగానే తగ్గిస్తారు. మలుపులో ముందు చక్రాల తేడాను లెక్కలోకి తీసుకుంటారు. పుస్తకం చంకన పెట్టుకుని జయరాముడు అప్పటికప్పుడు చౌడేశ్వరి కొట్టుకు వెళ్లాడు.

"అక్కా, నువ్వు పొట్టు మీద చూసింది వాళ్లూ పెట్టినారు! ఎంత మలుపో తెలుసుకునేదానికి స్టీరింగుకే ఒక సెన్సర్ పెట్టినారు."

చౌడేశ్వరి చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది. "స్టీరింగుకా?" అంది. మొహం వెలిగింది. "అది శానా బాగుండాది. నాకు తోచనే లేదు. ఆ బండిని రేపు ఈడికి తీసకరా, చూస్తా."

జయరాముడు డాక్టరు గారికి ఫోను చేసి, బండి ఇవ్వడానికి ఇంకొక రోజు పడుతుందని చెప్పాడు.