కొత్త ఆఫీసులో పాత బెంచీ

పాత మున్సిపల్ ఆఫీసు నుంచి ఫైళ్లు, బీరువాలు మోయించేసరికి అటెండరుకు తల ప్రాణం తోకకొచ్చింది. ఊరు పెరిగిందని కట్టిన కొత్త భవనంలో లిఫ్టుంది, అద్దాల తలుపులున్నాయి. వచ్చిన జనం కూర్చోవడానికి మాత్రం ఒక్క బెంచీ లేదు.

"ఇక్కడ పనులు చిటికెలో అయిపోతాయయ్యా. కూర్చునే అవసరం ఎవరికుంటుంది?" అన్నాడు ప్లాను గీసిన ఇంజినీరు.

ముప్పై ఏళ్లుగా 'సారు ఇప్పుడే వస్తారు' అని జనానికి చెబుతున్న అటెండరు ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. పాత వరండాలో పారేసిన బెంచీని వాచిన కాళ్లతోనే ఈడ్చుకొచ్చి మెట్ల పక్కన వేశాడు. పొట్టిగా ఉన్న బెంచీ కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాడు.

పెద్దలు రిబ్బను కత్తిరించి వెళ్లిపోయారు. మర్నాడు పదింటికల్లా బెంచీ నిండిపోయింది.

మూడోరోజు ఇంజినీరు సొంతింటి ప్లాను మంజూరు కోసం వచ్చాడు.

"కమిషనర్ గారున్నారా?"

"ఇప్పుడే వస్తారు సార్," అన్నాడు బెంచీ మీద కూలబడి ఉన్న అటెండరు.

ఇంజినీరు గంటసేపు ఈ కాలి మీదా ఆ కాలి మీదా నిలబడి, చివరికి దగ్గరికొచ్చాడు.

"కాస్త జరుగుతావా బాబాయ్?"

అటెండరు జరిగాడు. "ఆ కొసకు వద్దు సార్, ఊగుతుంది. సాయంత్రం దాకా కూర్చోవాలి కదా."