పుంగనూరు ఎండ

మెత్తటి బ్రష్‌తో లక్ష్మీపతి కొత్త రూటరు మీది దుమ్ము దులుపుతున్నాడు. పాతది ఫ్రిజ్జంత ఉండేది. ఇది స్వీటు డబ్బాకంటే కాస్త పెద్దది, అంతే. నిన్నటి నుంచి పుంగనూరు ఇంటర్నెట్టంతా దీని గుండానే పోతోంది.

పదహారేళ్లుగా ఈ రేకుల గదే అతని ఉద్యోగం. కరెంటు పోగానే జనరేటరు వేయాలి. ఏసీ ఆగితే పాత రూటరు వేడెక్కి ఆగిపోతుంది. ఈ కొత్తదానికి ఏసీ అక్కర్లేదట, కరెంటు పోయినా చిన్న బ్యాటరీ చాలట. ఈరోజు పరీక్ష అదే. సాయంత్రం దాకా ఏసీ లేకుండా నడిస్తే కంపెనీ కొంటుంది. ఇక జనరేటరూ వద్దు, దాన్ని వేసే మనిషీ వద్దు. కుప్పంలో పోయిన వారమే పాసైంది. అక్కడ జనరేటరు చూసుకునే దేవేంద్ర ఇప్పుడు గ్రానైటు క్వారీల్లో కాపలా పని కోసం తిరుగుతున్నాడు. లక్ష్మీపతికి యాభై ఎనిమిది. చౌడేపల్లె దగ్గరి చేనులో బోరు ఎండిపోయింది. అతన్ని ఇంకెవరు పెట్టుకుంటారు?

కానీ కుప్పం చల్లటి ఊరు. పుంగనూరు మే నెల సంగతి ఆ పెట్టెకేం తెలుసు!

ఏసీ ఆపాడు. కిటికీ తెరిచి ఉంచమని మదనపల్లె ఇంజనీరు సాయిప్రసాద్ చెప్పాడు. లక్ష్మీపతి మూసేశాడు. తలుపు లోపల గడియ పెట్టి, కింద సందులో గోనెపట్ట కుక్కాడు. బాగా వేడెక్కితే ఎర్రదీపం వెలిగి, పెట్టె ఆగిపోతుందట. ఆగిన మరుక్షణం కిటికీ తెరిచేస్తే ఎవరికీ తెలియదు. అందుకే లోపలే కూర్చోవాలి. తప్పని తెలుసు. నోటికాడి కూడు లాక్కుంటుంటే ఎవడు మాత్రం ధర్మం మాట్లాడతాడు?

మధ్యాహ్నానికి రేకులు పెనంలా కాలాయి. కారీ కారీ చెమట కూడా ఆగిపోయింది. భార్య మునీశ్వరి ఫోన్ చేసింది.

"కూటికి రాలేదే, యాడుండావు?"

"ఈడే. సాయంత్రం దాకా కదిలేదానికి లేదు. నువ్వు తిను."

"గొంతేంది అట్లుండాది?"

"ఎండ కదమ్మే," అని పెట్టేశాడు.

తర్వాత సాయిప్రసాద్ చేశాడు. పెట్టె ఎంత వేడిగా ఉందో అతనికి మదనపల్లెలోనే కనిపిస్తుంది.

"అప్పా, అరవై దాటిందే! కిటికీ తెరిసే ఉండాదా?"

"తెరిసే ఉండాదప్పా."

"అయినా ఒక్క లైనూ తెగలేదు సూడు. ఏం పెట్టెప్పా ఇది! నువ్వు మాత్రం లోపలుండొద్దు, బయట నీడకు కూసో."

"ఆ," అన్నాడు లక్ష్మీపతి. పచ్చదీపం రెండుగా కనిపిస్తోంది. ఇంకాసేపు ఓర్చుకుంటే అదే ఓడిపోతుంది. మొండితనంలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల లేడని పేరు. చెవుల్లో హోరు మొదలైంది. కరెంటు పోయింది కాబోలు, జనరేటరు వేయాలి అనుకుంటూ లేవబోయాడు.

సాయంత్రం ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తకపోయేసరికి మునీశ్వరి పరుగున వచ్చి, పక్క అంగడి వాళ్లతో తలుపు పగలగొట్టించింది. లక్ష్మీపతి ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంది. ప్రాణం లేదు. రూటరు పాసైందని సాయిప్రసాద్ అప్పటికే పైవాళ్లకు చెప్పేశాడు. కబురు తెలిసి ఏడుస్తూ వచ్చాడు. మూసిన కిటికీని, గోనెపట్టను చూసి అంతా అర్థమైంది. ఎవరితోనూ అనలేదు. మనిషిని మోసుకుపోయారు.

రూటరు ఎదుట, దీపం కళ్లకు ఆనేంత దగ్గరగా, అతను బోర్లించి కూర్చున్న టమాటా ట్రే ఉండిపోయింది. దాని మీద పరచుకున్న తువ్వాలుకు చెమట ఆరి, ఉప్పు తెల్లగా చారలు కట్టింది.