బాతుల సెంటరు

నందిగామలో ఏ ఆటో ఎక్కి బాతుల సెంటరన్నా, తిన్నగా తీసుకెళ్ళి ఫౌంటెన్ దగ్గర దించుతారు. ఆ మాట చెవిన పడితే చాలు, రిటైరైన డ్రాయింగు మాస్టారు ప్రేమదాసుకి ఒళ్ళు మండిపోతుంది. ఆ సిమెంటు పక్షుల్ని చేసింది ఆయనే మరి. అవి హంసలు!

హంసల్ని ఆయన మాత్రం ఎప్పుడు చూశాడు గనక? చెవిటికల్లు పొలాల్లో మేస్తున్న బాతుల్ని బతిమాలి తెచ్చుకుని, దొడ్లో వదిలి, వాటిని చూస్తూ చేశాడు. మెడలు మాత్రం సొంతంగా సాగదీశాడు. ఈ సంగతి భార్య జయమణికి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడా మర్చిపోయేదే, ఆ బాతులు తోటకూర మడంతా మేసెయ్యకపోతే.

ప్రారంభోత్సవం నాడు హంసల నోట్లోంచి నీళ్ళు పైకి చిమ్మాలి. చిమ్మాయి, కానీ తిన్నగా స్టేజీ మీదికి. పెద్దమనుషులంతా తడిసి ముద్దయ్యారు. మర్నాడే మోటారు కాలిపోయింది. అంతే, మళ్ళీ చుక్క నీరు లేదు. గవర్నమెంటు మారినప్పుడల్లా హంసల రంగు మాత్రం మారేది. తొట్టి నిండా కొబ్బరిబోండాల డొక్కలు. ప్రేమదాసుకి అవేవీ పట్టలేదు. చచ్చేలోగా ఒక్కడైనా హంసలంటే చాలనుకున్నాడు.

ఇంతలో రోడ్డు వెడల్పు చేసే పని వచ్చిపడింది, ఫౌంటెన్ దానికి అడ్డం. మున్సిపాలిటీ మీటింగులో కొత్త ఇంజనీరు మహతి తేల్చి చెప్పేసింది. జనానికి బాగా తెలిసినదైతే ఊడదీసి పార్కులో పెడతారు, లేకపోతే పొక్లెయిన్ పెట్టి లేపేస్తారు.

ప్రేమదాసు ఛాతీ విరుచుకుని లేచాడు. "హంసల ఫౌంటెనండి. ఊరంతటికీ తెలుసు."

మహతి ఆటో యూనియన్ రత్నబాబు వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"హంసలా? నేనెప్పుడూ వినలేదు మేడమ్. జగ్గయ్యపేటలో ఉందేమో!"

హాలంతా తలలడ్డంగా ఊపింది. మహతి లిస్టులోంచి ఫౌంటెన్‌ని కొట్టేయడానికి పెన్ను తీసింది. ప్రేమదాసు అటూ ఇటూ చూశాడు.

"ఒరే రత్నబాబూ! బాతుల సెంటర్రా!"

"ఓర్నాయనో! మన బాతులా?" రత్నబాబు ఎగిరి లేచాడు. "వాటి మీద చెయ్యెవడేస్తాడో చూస్తా!"

హాలు దద్దరిల్లింది. మహతి పెన్ను జేబులో పెట్టేసింది.

ఇప్పుడవి పార్కులో ఉన్నాయి. నీళ్ళు కూడా పైకే చిమ్ముతున్నాయి. పక్కన కొత్త బోర్డు: "బాతుల ఫౌంటెన్. చేసినవారు: డ్రాయింగు మాస్టారు ప్రేమదాసు." ఇన్నేళ్ళకి తన పేరు చూసుకుని ఆయనకి ఏడుపొచ్చేసింది.

జయమణి బోర్డు చదివి, పక్షుల్ని ఎగాదిగా చూసింది. "ఏమండీ, బాతులకి మెడలు మరీ ఇంత పొడుగుంటాయా?"

"నువ్వూరుకో," కళ్ళు తుడుచుకుంటూ కసిరాడు ప్రేమదాసు. "సరిగ్గా చూడు, అచ్చం బాతులే."