ఫ్యాన్ ఆగిందా?

మా ఆయన శాంసన్ కరెంటు స్తంభం ఎక్కిన ప్రతిసారీ, వైరు ముట్టుకునే ముందు నాకు ఫోన్ చేస్తాడు. ప్రేమ అనుకునేరు! "విక్టోరియా, ఫ్యాన్ ఆగిందా?" అని అడుగుతాడు. ఆగిందంటే పని మొదలుపెడతాడు, తిరుగుతోందంటే దిగిపోతాడు. రెండేళ్లుగా ఇదే నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు.

అసలు ఈ మాట చెప్పాల్సింది సబ్‌స్టేషన్‌లో కూర్చునే ఆపరేటర్. పని జరిగే లైన్ ఆపి, ఆపేశానని ఫోన్‌లో చెప్పాలి. స్తంభం మీదున్నవాడి ప్రాణం ఆ ఒక్క మాటలో ఉంటుంది. పాత ఆపరేటర్ రిటైరయినప్పుడు ఆ పోస్టుకు మా ఆయన దరఖాస్తు పెట్టాడు. ఐటీఐ చదివాడు, నాచారంలో పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద స్తంభాలెక్కుతున్నాడు. పోస్టు మాత్రం ఉమామహేశ్వర్‌కు పోయింది. ఉప్పల్‌లో ఒక లీడర్‌కు బామ్మర్ది. అప్పటిదాకా బావ మీటింగులకు టెంట్లు వేయించేవాడు. సర్టిఫికెట్ ఏ ఊళ్లో పుట్టిందో దేవుడికే తెలియాలి.

రెండువేల పదకొండు ఎండాకాలం. అతను వచ్చిన రెండో వారం, మా కాలనీ లైన్ ఆపమంటే ఫ్యాక్టరీల లైన్ ఆపాడు. "ఆపేసిన, ఎక్కన్నా" అన్నాడట. మా ఆయన ఎక్కి చెయ్యి చాపబోతుండగా కింద ఎవరింట్లోనో మిక్సీ తిరిగింది. ఆ తల్లి ఎవరో పచ్చడి నూరకపోతే నేను ఆరోజే విధవనయ్యేదాన్ని. ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

నేనే ఇంజనీరు చలపతిరావు దగ్గరికి వెళ్లాను.

"సార్, గాయినకు ఏ స్విచ్చు దేనిదో తెల్వదు. మా ఆయన పాణం వోతే ఎవరు జవాబు?"

"నాకు తెల్వదా అమ్మా? మూడుసార్లు పైకి రాసిన. ఆ లీడర్ ఫోనొస్తది, కాయితం చెత్తబుట్టల పడ్తది. నీకు దండం పెడ్త, నన్ను ఇందుల గుంజకు."

ఆ రోజే మేం ఈ ఏర్పాటు చేసుకున్నాం. మా ఇల్లు ఆయన పనిచేసే కాలనీ లైన్ మీదే ఉంది. ముందు ఒకసారి ఫోన్ చేసి ఫ్యాన్ తిరుగుతోందా అంటాడు, ఉమామహేశ్వర్ ఆపానన్నాక మళ్లీ చేసి ఆగిందా అంటాడు. మా ఒక్క ఇంటి ఫ్యూజు పోయిందేమోనని ఎదురింటి సారలమ్మత్తను కూడా కేకేసి అడుగుతాను. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని మానేసి ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకున్నాను. మా అమ్మను దవాఖానాలో చేర్చారని కబురొచ్చిన రోజు కూడా, ఆయన స్తంభం దిగాడని తెలిశాకే బస్సెక్కాను. అప్పటిదాకా ఏడుస్తూ ఫ్యాన్ కేసి చూస్తూ కూర్చున్నాను.

పోయిన నెల ఆఫీసులో సభ పెట్టారు. రెండేళ్లలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదని ఉమామహేశ్వర్‌కు శాలువా కప్పారు. ప్రమోషనిచ్చి నాగోల్ వైపు పెద్ద సబ్‌స్టేషన్‌కు పంపారు. పోతే పోనీ, పీడా వదిలిందనుకున్నాను. వాడు వదిల్తేగా! "శాంసనన్న ఉంటెనే నాకు ధైర్యం" అని మా ఆయన్ని కూడా అక్కడికే వేయించుకున్నాడు. కాదంటే కాంట్రాక్టు పోతుంది. అక్కడి లైన్లు మా ఇంటికి రావు.

నిన్న నాగోల్‌లో ఇల్లిల్లూ తిరిగాను. మూడిళ్లలో పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నాలుగో ఇంట్లో స్వర్ణలత అనే ఆమె తలుపు తీసింది.

"ఏందమ్మా, చందానా?"

"కాదక్కా. మా ఆయన మీ లైన్ మీద పని చేస్తడు. ఫోన్ చేసినప్పుడు మీ ఫ్యాన్ ఆగిందో లేదో జర చూసి చెప్పాలె. గంతే."

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కథంతా విని, తలెత్తి వాళ్ల ఫ్యాన్ కేసి చూసింది.

"చెప్త గానీ, నేనేదో పనిల వడి, సరిగ్గ చూడకుంటనే ఆగిందని అంటే ఎట్లమ్మా? మనిషి పాణం గదా!"

రెండేళ్లలో ఆ ఆఫీసులో ఒక్కరు కూడా ఈ మాట అనలేదు. నాకు దుఃఖం ఆగలేదు. ముక్కూ మొహం తెలియని ఆమె చెయ్యి పట్టుకుని, ఆ ఇంట్లోనే కూర్చుని ఏడ్చాను.