నీళ్ళ గ్లాసులో క్లచ్ ఆయిల్

నజ్మీన్ తొక్కిన క్లచ్ పెడల్ కిందికి పోయి అక్కడే ఉండిపోయింది. కాలివేళ్ళతో పైకి లేపి మళ్ళీ తొక్కింది. మళ్ళీ అంతే. గేరు వేయబోతే కరకరమంది. కారు ఇంకా ప్రత్తిపాడులో ఇంటి ముందే ఉంది. వెనక సీటు నిండా పర్చూరు బడిపిల్లల యూనిఫాంలు, ఆమె, అత్త జైతున్‌బీ కలిసి కుట్టినవి.

భర్తకు వీడియో కాల్ చేసింది. ముబీన్ మస్కట్‌లో కార్ల మెకానిక్. అతను వెళ్ళాక ఊళ్ళో ఇది రెండో ఏటి మిరప కోత. శుక్రవారం సెలవు కాబట్టి వెంటనే ఎత్తాడు.

"ఏమండీ, క్లచ్ లేవట్లేదు."

"ముందు నీ మొహం చూపించు."

ఆమె నవ్వి, ఒక్క క్షణం ఫోను తనవైపు తిప్పుకుని, బానెట్ ఎత్తింది.

అతను చెప్పినట్టు పెడల్ గబగబా తొక్కింది. కాస్త బిగిసి, మళ్ళీ జారిపోయింది. కింద ఆయిల్ ఎక్కడా కారలేదు. క్లచ్ ఆయిల్ పోసే చిన్న డబ్బా మూత తీసింది. ఆయిల్ నల్లగా మడ్డిలా ఉంది. మూత కింది రబ్బరు ఉబ్బి వంకర్లు తిరిగింది. ఎంత నొక్కినా తన చోట్లో కూర్చోవట్లేదు.

"నల్లబడటం మామూలే. ఆ రబ్బరు చూస్తేనే అనుమానంగా ఉంది. ఒక గ్లాసు నీళ్ళు తెప్పించు."

జైతున్‌బీ గ్లాసుతో వచ్చి ఫోనులోకి వంగింది. "తిన్నావా రా?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నావు?"

"అమ్మా, గ్లాసు కదలకుండా పట్టుకో. నజ్మా, రెండు చుక్కలు వెయ్యి. అసలు క్లచ్ ఆయిలైతే నీళ్ళలో కలిసిపోతుంది."

నజ్మీన్ చెంచాతో వేసింది. "కలవలేదండీ. కూర మీద నూనెలాగా పైన తేలుతోంది."

"ఎవరు పోశారు?"

"నేనే. డబ్బాలో తగ్గినట్టుంటే, అటక మీద మీ ఆయిల్ డబ్బా కనబడింది."

"అది స్టీరింగ్‌లో పోసే ఆయిల్, క్లచ్ రబ్బర్లకి పడదు. నన్నడగొచ్చుగా?"

"ప్రతిదానికీ అడిగితే వచ్చేస్తానంటారు," అంది నజ్మీన్. గొంతు తగ్గించింది. "వచ్చేస్తానంటే, వద్దనే ఓపిక నాకు లేదు."

జైతున్‌బీ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ముబీన్ మళ్ళీ బండి సంగతికి వచ్చాడు. "కొత్త ఆయిల్ పోసినా లాభం లేదు. లోపలి రబ్బర్లు కూడా ఉబ్బిపోయుంటాయి. క్లచ్ సిలిండర్లు రెండూ మార్చి, పైపు కడగాలి. రంజాన్‌తో మాట్లాడతాను. అప్పటిదాకా బండి తియ్యొద్దు." ఆగి, "నేనక్కడుంటే సాయంత్రానికి అయిపోయేది," అన్నాడు.

మర్నాడు రంజాన్ సామాన్లతో వచ్చాడు. గుంటూరు షెడ్డులో ముబీన్‌తో కలిసి పనిచేసినవాడు. సిలిండర్లు బిగించి, "పైపులో గాలి తియ్యాలి వదినా. మీరు కూర్చుని తొక్కండి," అంటూ కారు కిందికి దూరాడు.

"తొక్కండి. పట్టుకోండి. వదలండి."

పెళ్ళైన కొత్తలో ఆ షెడ్డులో ముబీన్ కూడా కారు కింద నుంచి ఇలాగే చెప్పేవాడు. పట్టుకోమని, వదలమనడం కావాలనే మరిచిపోయేవాడు. కాలు లాగేస్తోందని ఆమె తిట్టేదాకా కింద నవ్వుకుంటూ ఉండేవాడు. రంజాన్ మాత్రం ఎప్పటికప్పుడు వదలమంటున్నాడు.

రంజాన్ పైకి లేచేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైంది వదినా?"

"కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నట్టున్నారు. ఘాటు."

అతను కల్లం వైపు చూడలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

సోమవారం పొద్దున ఆమె పర్చూరు దారిలో ఉండగా ఫోను మోగింది. కారు పక్కన ఆపి ఎత్తింది.

"పెడల్ ఎట్లా ఉంది?"

"గట్టిగా ఉంది. మీరున్నప్పటిలాగే."

"ఫోను పక్క సీట్లో పెట్టి నడుపు. వింటాను."

మొదటి గేరు, రెండు, మూడు. ఎక్కడా కరకర లేదు. రోడ్డుకి అటూ ఇటూ ఎర్రటి కల్లాలు, ఏరగా మిగిలిన పత్తి.

"ఉన్నారా?"

"ఉన్నాను. నాలుగో గేరు వెయ్యి."

వేసింది. అవతల మస్కట్ షెడ్డులో ఎవరో అతన్ని గట్టిగా పిలుస్తున్నారు. ముబీన్ పలకట్లేదు.